అదిగో అంటే చాలదు

ప్రశ్న: సార్, మాది పలమనేరు. మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. చిన్నప్పుడు రేచీకటి అనుకున్నాం. తర్వాత పక్క చూపు తగ్గుతూ వచ్చింది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. ఇప్పుడు సన్నటి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొంచెం కనిపిస్తుంది. పొద్దు గూకితే అదీ లేదు. పరీక్ష రాసి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నాడు, వచ్చే నెల తిరుపతిలో చేరాలి. బాలాజీ కాలనీ దగ్గర గది చూశాం. బ్రాంచి అక్కడికి కిలోమీటరు పైనే ఉంటుంది. నేను ఆర్నెల్లు తోడుండి రోజూ చెయ్యి పట్టుకుని దింపి వస్తానంటే వాడు కోప్పడుతున్నాడు. తెల్లకర్ర కొనుక్కుంటానంటే అమ్మ సంబంధాలు రావని ఏడుస్తోంది. తెలియని ఊళ్లో వాడొక్కడే ఎలా తిరుగుతాడు? నేనేం చెయ్యాలి?
— ఒక అక్క

సమాధానం:

అమ్మా, ముందు మీ తమ్ముడికి నా అభినందనలు. మీ ఉత్తరంలో ఉద్యోగం సంగతి ఒక్క వాక్యంలో అయిపోయింది, మిగతాదంతా భయమే. మా ఇంట్లోనూ అప్పట్లో ఇంతే కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టను. నాకు చూపు పూర్తిగా పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఇరవై ఏళ్లూ తిరుపతిలోనే తిరిగాను. ఇక్కడ చెప్పేదంతా కరెంటు స్తంభాలకు నుదురు కొట్టుకుని నేర్చుకున్నది.

ఆర్నెల్లు అక్కర్లేదు. రెండు మూడు వారాలు ఉండండి, తర్వాత పలమనేరు బస్సెక్కండి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే దారి నేర్చుకునేది మీరు, వాడు కాదు. రోజూ కారు వెనక సీట్లో కూర్చుని ఆఫీసుకెళ్లేవాణ్ని ఏడాది తర్వాత దారి చెప్పమనండి, రెండో మలుపు దగ్గరే తడబడతాడు. కళ్లున్నవాడి గతే అది. చెయ్యి మీ చేతిలో ఉన్నంతసేపు మీ తమ్ముడి ధ్యాస మీ అడుగు మీద ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత మీరు వెళ్లిపోయిన మర్నాడు వాడికి తిరుపతిలో అదే మొదటి రోజు.

ఇక కర్ర గొడవ. కర్ర పట్టుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని కదా మీ అమ్మగారి బాధ? తెలియడానికేనమ్మా అది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరుకు ప్రమాదంలో చూపు పోయింది. ఇంటి చుట్టూ బండ్ల రద్దీకి భయపడి తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు, బండి తోలేవాడికి తాను కనబడాలని. పొడవాటి కర్రను అటూ ఇటూ ఆడిస్తూ నేల తెలుసుకునే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికులకు రిచర్డ్ హూవర్ నేర్పించింది అది. కాబట్టి తెల్లకర్ర సగం మన కోసం, సగం ఎదుటివాళ్ల కోసం.

మీ తమ్ముడి లాంటి చూపున్నవాళ్లకు ఆ రెండో సగమే ఎక్కువ అవసరం. వాడు ఫోను దగ్గరగా పెట్టుకుని చదువుతాడు, ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడతాడు, కానీ పక్కన ఆపిన స్కూటర్‌కు తగులుకుంటాడు. చూసేవాళ్లకు ఇదేమీ అర్థం కాదు. నాకు సగం చూపున్న రోజుల్లో ఒక ఆఫీసు గాజు తలుపుకు గుద్దుకున్నాను. వాచ్‌మన్ నేను తాగొచ్చానని బయటికి పంపేశాడు. మర్నాడు కర్ర పట్టుకుని వెళితే అదే మనిషి తలుపు తీసి, ‘రండి సామీ’ అన్నాడు. మనిషి మారలేదు, నా చేతిలో వస్తువు మారిందంతే. సంబంధాల మాటంటారా, ఈ విషయం దాచిపెట్టి పెళ్లి మీరు ఎటూ చెయ్యరు కదా.

కర్ర నేల మీద నిలబెడితే ఛాతీ మధ్య ఎముక దాకా రావాలి. మడిచేది కొనండి, బస్సులో బ్యాగులో పెట్టుకోవచ్చు. నడుస్తున్నప్పుడు ఎడమ కాలు ముందుకు పడేటప్పుడు కర్ర కుడివైపు తట్టాలి, కుడి కాలు పడేటప్పుడు ఎడమవైపు. భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఆడిస్తే చాలు. చదివితే ఇంతే అనిపిస్తుంది కానీ ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడుతుంది, తప్పుగా అలవాటైతే మార్చుకోవడం ఇంకా కష్టం. అందుకే చేరడానికి ముందు వారం పది రోజులు నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోనివ్వండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు చూపు తిరిగి రానివాళ్లకు ఇలాంటి శిక్షణ కూడా ఇస్తారు. డెహ్రాడూన్‌లో చూపు లేనివాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు చెన్నైలో ప్రాంతీయ కేంద్రం ఉంది, మీకు అదే దగ్గర.

కర్రకు ఒక లోపం ఉంది. నడుము పైన ఉన్నది దానికి తెలియదు. దుకాణం ముందు పందిరి కొయ్య, ఆపిన లారీ వెనక తలుపు, బస్సు పక్క అద్దం, ఇవన్నీ నేరుగా మొహానికే తగులుతాయి. ఢిల్లీ ఐఐటీ వాళ్లు తయారుచేసి 2014లో విడుదల చేసిన స్మార్ట్ కేన్ అని ఒకటి ఉంది. మామూలు కర్ర పిడికి తగిలిస్తారు. మూడు మీటర్ల లోపు ఎదురుగా ఏదైనా ఉంటే పిడి వణుకుతుంది. బాగా పనికొస్తుంది. కానీ ముందు మామూలు కర్ర చేతికి రావాలి. ఇంతకన్నా చవకైన ఉపాయం ముందుకు అంచున్న టోపీ. నుదుటికన్నా ముందు టోపీకి తగులుతుంది, ఎండ కూడా కళ్లలో పడదు. ఈ జబ్బున్నవాళ్లకు ఎండలోంచి చీకటి గదిలోకి వెళ్లినప్పుడు చాలాసేపు ఏమీ కనపడదు. బ్యాంకు గుమ్మం దాటాక ఒక నిమిషం ఆగమనండి.

ఇప్పుడు మీ రెండు వారాల పని.

మొదటి రోజు ఆదివారం అయితే మంచిది, పొద్దున్నే ఆరు గంటలకు. గది గుమ్మం నుంచి మొదటి మలుపు దాకా మాత్రమే. వెళ్లడం, రావడం. రావడాన్ని వేరే దారిగా లెక్కపెట్టండి. పోయేటప్పుడు ఎడమవైపు ఉన్న గోడ వచ్చేటప్పుడు కుడివైపు ఉండదు, ఎందుకంటే రోడ్డుకు అవతలి అంచున నడుస్తాడు. అక్కడ గోడకు బదులు మురుగుకాలువ ఉండొచ్చు. చూపున్నవాళ్లకు తట్టని విషయం ఇది. పోయే దారి వచ్చింది కదా అని వదిలేస్తారు, సాయంత్రం వచ్చేటప్పుడు మనిషి తప్పిపోతాడు.

ఆ తర్వాత మలుపు నుంచి మలుపుకు. ప్రతి ముక్కకూ రెండు మూడు గుర్తులు వాడే వెతుక్కోవాలి, మీరు చెప్పకూడదు. గుర్తుల్లో కదలనివి వేరు, కదిలేవి వేరు. నేల ఏటవాలు, సిమెంటు రోడ్డు పోయి తారు రోడ్డు రావడం, గుడి గంట, ట్రాన్స్‌ఫార్మర్ రొద, ఇనుప జాలీ మీద కర్ర పడినప్పుడు వచ్చే చప్పుడు, ఇవి కదలవు. దోసెల బండి వాసన చాలా బాగుంటుంది కానీ బండివాడు ఊరికి పోతే మీ తమ్ముడి మలుపు కూడా పోతుంది. నేను ఒకసారి పూల అంగడి వాసన నమ్ముకుని నెలంతా తిరిగాను. ఆషాఢంలో ముహూర్తాలు లేక అంగడి మూసేశారు. మూడు సందులు దాటిపోయాక గానీ తెలియలేదు.

తిరుపతిలో చెవికి దొరికే మంచి గుర్తు ఫ్లైఓవర్. శ్రీనివాస సేతు కింద నడుస్తుంటే చప్పుడు మూసుకుపోయినట్టు, గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. బయటికి వస్తే తెరుచుకుంటుంది. బస్టాండుకు ఎదురుగా ఉన్న శ్రీనివాసం వసతి గదుల వైపు వెళ్లినప్పుడు గమనించమనండి. ఇంకోటి కొండ. పట్టపగలు మీ తమ్ముడికి కొండ గీత కనిపిస్తే అది ఉత్తరం. ఊళ్లో ఎక్కడున్నా లెక్క సరిపోతుంది. మన ప్రాంతం పెద్దవాళ్లకు తూర్పు పక్క, పడమటి పక్క అని చెప్పే అలవాటు ఇంకా ఉంది. దాన్ని నేను వరంగా భావిస్తాను, కుడి ఎడమల్లాగా మనిషి తిరిగితే అవి మారవు.

రెండో వారంలో మీరు ఇరవై అడుగులు వెనక నడవండి. మాట్లాడకూడదు. వాడు తప్పు సందులోకి తిరిగితే తిరగనివ్వండి. గుంటో, బండో ఉంటే తప్ప పిలవకండి. తప్పిపోయి తిరిగి దారి పట్టుకోవడం ఒక్కసారైనా మీ కళ్ల ముందు జరగాలి. అది జరిగాక వాడికి ధైర్యం, మీకు నిద్ర. సాయంత్రం ఏడు గంటల నడక విడిగా చెయ్యండి. బ్యాంకులో నెలాఖరు పని అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆ వేళకు వాడికున్న చూపు లెక్కలోకి రాదు. పగలు దారి వచ్చినవాడికి రాత్రి కొత్త ఊరే.

మీరు పక్కన నడవాల్సి వస్తే మీరు వాణ్ని పట్టుకోకండి, వాడే మీ మోచేతి పైన పట్టుకోవాలి. వాడి కర్ర కుడిచేతిలో, మీరు ఎడమవైపు, అర అడుగు ముందు. మీ మోచెయ్యి కదలిక బట్టి మెట్టు, మలుపు అన్నీ తెలుస్తాయి. సన్నటి సందు వస్తే ఆ చెయ్యి మీ వీపు వెనక్కి పెట్టండి, వాడు వెనక్కి వస్తాడు. మెట్ల దగ్గర ఒక క్షణం ఆగి ‘పైకి’ అనో ‘కిందికి’ అనో చెప్పండి. ఉత్త ‘మెట్లు’ అంటే సగం మాటే. కుర్చీ దగ్గర భుజాలు పట్టి కూలదోయకుండా కుర్చీ వీపు మీద వాడి చెయ్యి పెడితే చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు. ‘ఒక్క నిమిషం ఉండు’ అని నడి బజార్లో వదిలేసి వెళ్లకండి, ఒక గోడనో స్తంభాన్నో అప్పగించి వెళ్లండి.

దారి అడగడం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఊరి బలం అదే. తిరుపతిలో రోజూ వేలమంది దారి అడుగుతారు. విష్ణు నివాసం ఎక్కడ, అలిపిరి బస్సు ఎక్కడ, గోవిందరాజస్వామి గుడి ఎటు అని. టీకొట్టు మనిషి మొహం చూడకుండానే చెప్పేస్తాడు. ‘యాడికి పోవాల సామీ?’ అని మనం అడగకముందే అడిగేవాళ్లున్న ఊరు. అందుకని దారి అడిగినవాడు ఇక్కడ వింతగా కనపడడు. మీ తమ్ముడికి మొహమాటం ఉంటే ఈ మాట చెప్పండి.

చిక్కు ఒకటే. చెప్పేవాళ్లు కళ్లున్నవాళ్లకు చెప్పే అలవాటుతో చెబుతారు. ‘అదిగో, అక్కడే’ అంటారు. గడ్డంతో చూపిస్తారు. ‘కొంచెం ముందుకు పోతే నీలం బోర్డు కనిపిస్తుంది’ అంటారు. నాకు ఒకాయన ఇరవై ఏళ్ల క్రితం మూసేసిన సినిమా హాలు గుర్తు చెప్పాడు. మనవాళ్లకు దయ తక్కువేం లేదు, మాటలే చాలవు. కాబట్టి ప్రశ్న మార్చి అడగాలి. ‘బ్యాంకు ఎక్కడ?’ అంటే అదిగో వస్తుంది. ‘నేను ఇలా తిరిగి నిలబడ్డాను, బ్యాంకు నా ఎడమ చేతి వైపా, కుడి చేతి వైపా? మధ్యలో రోడ్డు దాటాలా? ఎన్ని దుకాణాల తర్వాత?’ అని అడిగితే ఎదుటివాడు ఒక క్షణం ఆలోచించి సరిగ్గా చెబుతాడు. మీ తమ్ముడికి అద్దం ముందు కాదుగానీ మీ ముందు ఈ ప్రశ్నలు పది సార్లు సాధన చేయించండి. సహాయం చేసేవాళ్లకు కూడా ఇదే లెక్క. ఇది చదువుతున్న తిరుపతివాళ్లెవరైనా ఉంటే, అంధుడు అడిగినప్పుడు చెయ్యి లాగకండి. ‘నా చెయ్యి పట్టుకుంటారా, మాట చెబితే చాలా?’ అని అడగండి. గడియారం లెక్క కూడా బాగుంటుంది, ‘ఎదురుగా పన్నెండు అనుకుంటే తలుపు మీకు రెండు గంటల దిక్కులో ఉంది’ అంటే వెంటనే అర్థమవుతుంది.

రోడ్డు దాటడం దగ్గర మాత్రం ధైర్యాలు వద్దు. మలుపు మీద దాటకూడదు, ఆపిన బస్సు ముందు నుంచి దాటకూడదు. బ్యాటరీ స్కూటర్లు వచ్చాక చెవిని పూర్తిగా నమ్మే రోజులు పోయాయి, పక్కకు వచ్చేదాకా చప్పుడుండదు. అవతలి పక్కనుంచి ఎవరో ‘రా రా, ఏం లేదు’ అని పిలిస్తే కదలొద్దు. ఆయన కళ్లకు లేదు, అంతే. పక్కన దాటే మనిషిని మాట అడిగి, మోచెయ్యి పట్టుకుని దాటాలి. దాటాక ‘థాంక్స్’ చెప్పి, తాను ఎటు తిరిగి ఉన్నాడో చూసుకున్నాకే కదలాలి. దాటించినవాళ్లు మనల్ని కొంచెం తిప్పి వదిలేస్తారు, అక్కడే దిక్కు తప్పుతుంది.

ఆటో యాప్‌లో బుక్ చేసినప్పుడు డ్రైవరుకు వెంటనే ఫోన్ చేసి, ‘అన్నా, నాకు చూపు సరిగా లేదు, తెల్లకర్ర పట్టుకుని ఫలానా మెడికల్ షాపు ముందు ఉన్నా, నువ్వే వచ్చి పిలువు’ అనాలి. అలా చెప్పినప్పుడు నాతో విసుక్కున్నవాళ్లు తక్కువ. షేర్ ఆటో అయితే దిగాల్సిన చోటు ఎక్కినప్పుడే చెప్పి, మధ్యలో ఇంకోసారి గుర్తుచెయ్యాలి.

ఫోను సంగతి మీ తమ్ముడికి నాకన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని గూగుల్ మ్యాప్స్ వినడం, సీయింగ్ ఏఐతో బోర్డు చదివించుకోవడం, 2015లో డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్‌లో ఎవరో ఒక వాలంటీరుకు వీడియో కాల్ చేసి ‘నా ముందు ఏముంది’ అని అడగడం, అన్నీ ఉచితమే. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఒక్క హెచ్చరిక. మ్యాప్ కొన్ని మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది. కళ్లున్నవాడికి అదేం లెక్కలోది కాదు, మనకు మాత్రం అది రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా అన్న తేడా. ఫ్లైఓవర్ దగ్గరైతే మరీ. ఫోను వీధి దాకా తెస్తుంది, గుమ్మం మనిషినే అడగాలి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవడం వద్దేవద్దు.

రైల్వే ప్లాట్‌ఫారం అంచున పసుపుపచ్చ గరుకు పలకలు ఉంటాయి. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన కనిపెట్టినవి, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. చుక్కలుంటే ఆగు, గీతలుంటే సాగు. కాళ్లతో ఆ తేడా పట్టుకోవడం ఒకసారి స్టేషన్‌కు తీసుకెళ్లి చూపించండి. ఫుట్‌పాత్‌ల మీద ఇవి ఎక్కడైనా కనబడితే సంతోషించాలో వద్దో తెలియదు, సాధారణంగా వాటి మీదే బైకు ఉంటుంది. దివ్యాంగులకు కల్పించాల్సిన సౌకర్యాల నిబంధనలు సలహాల్లా కాకుండా తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. ఆ వార్త విని ఉత్సాహంగా బయటికి వచ్చి, ఫుట్‌పాత్ మధ్యలో కొత్తగా పాతిన బోర్డుకు భుజం గుద్దుకున్నాను. తీర్పు మన వైపే ఉంది, స్తంభం ఇంకా అక్కడే ఉంది.

కొన్ని రోజులు బయటికి వెళ్లకపోవడమే తెలివి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారమంతా డప్పులు, వేషాలు, జనం. మాకది మీకు పొగమంచు పట్టినట్టు. చెవికి ఏ గుర్తూ అందదు. బ్రహ్మోత్సవాలప్పుడు నిన్నటి దారిలో ఇవాళ బారికేడ్ ఉంటుంది. వాన అన్నిటికన్నా చెడ్డది, చప్పుళ్లన్నీ కలిపేస్తుంది, నీళ్ల కింద ఏముందో కర్రకు కూడా సరిగా తెలియదు. 2021 నవంబరు వానల్లో ఈ ఊరి వీధులు ఏమయ్యాయో మీరూ వినే ఉంటారు. అలాంటి రోజు ఆటోకు డబ్బు దండగ అనుకోవద్దు, సెలవు పెట్టినా తప్పు లేదు.

బ్యాంకు మేనేజరుతో చేరే ముందే ఒకసారి మాట్లాడండి, కాదు, మీ తమ్ముణ్ని మాట్లాడనివ్వండి. ఖాతాదారులు లేని వేళ లోపలంతా ఒకసారి తిరిగి చూసుకుంటానని, సీటు మాటిమాటికీ మార్చొద్దని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉద్యోగికి అవసరమైన సర్దుబాటు చేసిపెట్టాలని చెబుతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కాపీ బ్యాగులో ఒకటి ఉండనివ్వండి. సహోద్యోగుల్లో ఇద్దరికి మోచెయ్యి పద్ధతి చూపిస్తే చాలు, మిగతావాళ్లు వాళ్లను చూసి నేర్చుకుంటారు.

మీరు ఊరికెళ్లాక వాడి లొకేషన్ ఫోన్లో పెట్టుకుని రోజంతా చుక్క కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చోకండి. టెన్షన్ తప్ప ఏమీ రాదు. గదికి చేరాక ఒక మెసేజ్ అని ఒప్పందం చేసుకోండి. అది మర్చిపోతే తిట్టే హక్కు మీకుంది.

మొదటి జీతం వచ్చాక మీ అమ్మగారిని తిరుపతి తీసుకురండి. బస్టాండులో దిగాక ఆటో మాట్లాడేది, గది దాకా దారి చెప్పేది, రోడ్డు దాటేటప్పుడు మనిషిని అడిగేది మీ తమ్ముడే. చేతిలో కర్ర ఉండాలి. దారిలో మీరు నోరెత్తకూడదు.